బంతి లేని కీలు

మెల్బోర్న్‌కి ఆగ్నేయంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది మా క్లైడ్ నార్త్. ఒకప్పుడు పాడి ఆవులు, కూరగాయల తోటలు ఉన్న నేల. ఇప్పుడు ఎటు చూసినా కొత్త ఇళ్ళు, ఆ ఇళ్ళల్లో మనవాళ్ళు, మనవాళ్ళ ఇళ్ళల్లో కూడా కుక్కలు. మా ఇంట్లోనూ ఒకటుంది. పేరు బంటి, జాతి కవూడుల్, బరువు 7 కిలోలు. పిల్లల పోరు పడలేక తెచ్చాం గానీ, తెచ్చిన వారానికే అది మా ఆవిడ మనిషైపోయింది.

ఎనిమిదో నెలలో బంటి వెనక కాలు ఒకటి పైకెత్తి నడవడం మొదలుపెట్టింది. ఎక్స్‌రే తీసిన డాక్టరమ్మ, "తొడ ఎముక తలకి రక్తం అందక అది చచ్చిపోతోంది. కోసి తీసేయాలి" అంది.

"మరి దాని స్థానంలో ఏం పెడతారు?" అని అడిగాను.

"ఏమీ పెట్టం" అంది.

కృత్రిమ కీలు పెట్టించే వీలు కూడా ఉందనీ, దానికి ఖర్చు చాలా రెట్లు ఎక్కువనీ చెప్పింది. డబ్బు కోసం మూగజీవాన్ని అవిటిదాన్ని చేస్తున్నామా అన్న దిగులుతో ఇంటికొచ్చాం. అప్పుడు కాకినాడ నుంచి వచ్చిన మావయ్య మా ఇంట్లోనే ఉన్నాడు. సంగతంతా విని నవ్వాడు. "నాకూ అదేరా చేశారు. నాకూ ఏమీ పెట్టలేదు."

మావయ్య కుంటడం నేను చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. తుంటికి క్షయ వస్తే 1978లో ఆపరేషన్ చేశారని తెలుసు. ఆ ఆపరేషన్ పాడైందనీ, అందుకే కుంటుతున్నాడనీ ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆ రాత్రి నుంచి ఈ కోత చరిత్ర వెదకడం మొదలుపెట్టాను.

తుంటి ఎముక తల తీసేయడం కొత్త విషయమేమీ కాదు. 1820ల తొలి రోజుల్లోనే, మత్తుమందు ఇంకా రాకముందే, లండన్‌లో ఆంథొనీ వైట్ అనే సర్జన్ ఓ కుర్రవాడికి ఆ పని చేశాడు. దానికి స్థిరమైన పేరు తెచ్చినవాడు ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన గాథోర్న్ గర్డిల్‌స్టోన్. తుంటి క్షయకి 1928లోనూ, చీము పట్టిన కీలుకి 1943లోనూ ఈ పద్ధతిని వివరించాడు. జబ్బు చేసిన ఎముకని తీసేస్తే చీము పోతుంది, నొప్పి పోతుంది. ఖాళీ అయిన చోట మచ్చలాంటి గట్టి కండ పెరిగి, ఎముకకీ ఎముకకీ మధ్య మెత్తలా నిలుస్తుంది. అదే కొత్త కీలు. కాలు కాస్త పొట్టవుతుంది, నడకలో కుంటు మిగులుతుంది.

మన దేశంలో దీనికి ఇంకో విలువ కూడా ఉంది. కీలుని కదలకుండా అతికించేస్తే నొప్పి పోతుంది గానీ, నేల మీద కూర్చోవడం కుదరదు. తల తీసేస్తే గొంతుక్కూర్చోవచ్చు, బాసింపట్టు వేసుకోవచ్చు. బనారస్‌లో ఇలాంటి రోగులెందరికో వైద్యం చేసిన ఎస్.ఎం. తులి, తన సహచరుడితో కలిసి 1981లో ఆ ఫలితాలు ప్రచురించారు.

ఇక కుక్కల సంగతి. పిల్లల తుంటిలో ఎముక తల చచ్చిపోయే జబ్బుని 1910లో లెగ్, కాల్వే, పెర్తీస్ అనే ముగ్గురు వేర్వేరు దేశాల్లో వర్ణించారు. చిన్న జాతి కుక్కల్లో కూడా అదే వస్తుంది. మా బంటికి వచ్చిందీ అదే. మనుషులకి చేసే కోత కుక్కలకీ పనికొస్తుందని 1961లో వెటర్నరీ రికార్డ్ పత్రికలో స్ప్రూల్, ఆర్మ్‌రాడ్ అనే ఇద్దరు ఎవరి వ్యాసం వారు రాశారు. మనుషులకి చార్న్‌లీ పెట్టిన కృత్రిమ తుంటి నిలదొక్కుకుంటున్న రోజులవి. కుక్కలకి అలాంటిది రావడానికి 1970లు దాకా పట్టింది.

చెప్పడానికి సులువే గానీ, చెయ్యడంలో ఉంది కిటుకంతా. మోకాలి చిప్ప పైకప్పుకేసి చూసేలా కాలిని బయటికి తిప్పి పట్టుకుంటారు. తలనీ గిన్నెనీ కలిపే లిగమెంట్ తెంచి, తలతో పాటు మెడని కూడా రంపంతోనో ఉలితోనో కోస్తారు. బయటివైపున్న పెద్ద బొడిపె దగ్గర మొదలైన కోత లోపలివైపున్న చిన్న బొడిపె దగ్గరికి చేరాలి. తర్వాత వేలితో తడిమి, గరుకుంటే అరగదీస్తారు. మెడ ముక్క కాస్త మిగిలిపోయినా అది గిన్నె అంచుకి రాసుకుని నొప్పి తిరగబెడుతుంది, మళ్ళీ కోయాల్సి రావచ్చు. కీలు వెనకగా పోయే సయాటిక్ నరానికి దెబ్బ తగలొచ్చు. కండ కరిగిపోవడం, కాలు పూర్తిగా వెనక్కి చాచలేకపోవడం, మోకాలి చిప్ప జారడం కూడా ఉన్నాయి. ఎముకల మధ్య మెత్తగా ఉంటుందని తొడ కండలో ఓ పాయ తీసి అడ్డం పెట్టి చూశారు గానీ, పెట్టిన శ్రమకి తగ్గ లాభం స్పష్టంగా కనబడలేదు. బరువు తక్కువున్న కుక్కలు బాగా కోలుకుంటాయి, పెద్ద కుక్కల విషయంలో అంత భరోసా లేదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు పడుకోబెట్టడమేనట. కొత్త కీలు నడకతోనే తయారవుతుంది. జాలిపడి ఎత్తుకుని తిప్పితే ఆ మచ్చకండ బిగుసుకుపోతుంది. నొప్పికి మందిచ్చి, కొద్ది రోజుల్లోనే నడిపించమన్నారు.

కోయించాం. మూడోనాడు మా ఆవిడ బంటిని ఎత్తుకోబోతే మావయ్య అడ్డుపడ్డాడు. "దాన్ని దింపమ్మా. నన్నూ మా అమ్మ ఇలాగే ఎత్తుకుందామని చూసింది. డాక్టరు తిట్టి నడిపించాడు. అప్పుడు నడిచాను గనకే పెళ్ళిలో పీటల మీద బాసింపట్టు వేసుక్కూచున్నాను."

రోజూ పొద్దున్నే ఇద్దరూ వాగు పక్కనున్న దారిలో నడిచేవారు. మొదట్లో పది అడుగులు, తర్వాత సందు చివరిదాకా, మూడో నెలకి పార్కు దాకా. బంటి ఇప్పుడు పరుగెడితే ఏ కాలు కోశారో చెప్పలేం, మెల్లగా నడిస్తేనే కాస్త తెలుస్తుంది.

మావయ్య తిరిగి వెళ్ళే రోజు విమానాశ్రయంలో వీల్‌చెయిర్ పెట్టించనా అని అడిగాను. "ఎందుకురా, నడుస్తాగా" అన్నాడు. ఆ కుంటే ఆ ఆపరేషన్ నెగ్గిందనడానికి గుర్తని నాకు తెలియడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఈసారి ఆయన వెనకే నడిచాను గానీ, చెయ్యి పట్టుకోలేదు.