నిండిపోయిన సీ డ్రైవ్: తొలగించదగినవి, తాకరానివి

సూరత్ నగరానికి నైరుతి దిశలో, అరేబియా సముద్ర తీరాన, నల్లని ఇసుకకు పేరుపొందిన ఊరు డుమస్. నగరం నుంచి ఆ తీరానికి సాగే రహదారి మీదనే విమానాశ్రయం ఉంది. నగరానికి మరో అంచున, లింబాయత్ పరిసరాలలో తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, మరమగ్గాల పనిలో తరాలుగా స్థిరపడి ఉన్నారు. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నిర్వహిస్తోంది. ఈ వస్త్ర నగరంలో చీర అంచు, కొంగు, పువ్వుల రూపకల్పన కాగితం మీది నుంచి కంప్యూటరుకు మారి చాలా ఏళ్లయింది. డిజైనరు శ్రమ, వ్యాపారి ఖాతాలు, పిల్లల చదువు తరచుగా ఒకే కంప్యూటరులో ఉంటాయి. ఆ కంప్యూటరు సీ డ్రైవ్ నిండిపోతే పని ఆగిపోతుంది. దానిని ఖాళీ చేసే తొందరలో ఏమి పోగొట్టుకుంటారన్నది అంతకంటె పెద్ద ప్రశ్న.

ఇది చిన్న యంత్రాలకే పరిమితమైన సమస్య కాదు. 2023 ఆగస్టు 29న జపానులో టయోటా సంస్థకు చెందిన 14 కర్మాగారాలలో ఉత్పత్తి స్తంభించింది. సైబర్ దాడి జరిగిందేమోనన్న అనుమానాలు వ్యాపించాయి. విడిభాగాల ఆర్డర్లను నిర్వహించే సర్వర్లలో ఆగస్టు 27న నిర్వహణ పనులు చేపట్టినప్పుడు డిస్కులో తగినంత స్థలం లేకపోవడమే కారణమని సంస్థ ఆ తరువాత వెల్లడించింది. ప్రత్యామ్నాయ సర్వరు కూడా అదే వ్యవస్థపై నడుస్తున్నందున అదీ ఆదుకోలేకపోయింది. అంతకుముందు, 2004 జనవరిలో అంగారక గ్రహంపై దిగిన స్పిరిట్ రోవర్ సైతం తన ఫ్లాష్ స్మృతిలో పేరుకుపోయిన ఫైళ్ల కారణంగా పదేపదే రీబూట్ అవుతూ శాస్త్రవేత్తలను కలవరపెట్టింది. అనవసర ఫైళ్లను తొలగించిన తరువాతనే అది కోలుకుంది.

హార్డ్ డిస్కును భాగాలుగా విభజించినప్పుడు ఒక్కొక్క భాగాన్ని పార్టిషన్ అంటారు. విండోస్ ఉన్న భాగానికి సాధారణంగా సీ అనే అక్షరం వస్తుంది. ఏ, బీ అక్షరాలు ఒకప్పుడు ఫ్లాపీ డ్రైవులకు కేటాయించినవి కావడమే దీనికి కారణం. ఫ్లాపీలు కనుమరుగైనా ఆ వరుస మాత్రం నిలిచిపోయింది. సీ భాగంలో విండోస్, దాని నవీకరణలు, ప్రోగ్రాములు ఉంటాయి. ప్రత్యేకంగా మార్చకపోతే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లూ అక్కడే ఉంటాయి. డెస్క్‌టాప్ మీద పెట్టిన ఫైలు సీ డ్రైవులో లేదని చాలామంది భావిస్తారు. అది పొరపాటు.

ఖాళీ స్థలం పది శాతం కంటె తగ్గినప్పుడు డ్రైవ్ గుర్తు కింది గీత ఎరుపు రంగులోకి మారుతుంది. ఆ దశలో భద్రతా నవీకరణలు విఫలం కావచ్చు, ఫైళ్లు భద్రపరచడంలో ఆటంకం కలగవచ్చు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11కు కనీసం 64 గిగాబైట్ల నిల్వ సామర్థ్యం అవసరం కనుక పాత యంత్రాల వినియోగదారులకు ఈ లెక్క మరింత ముఖ్యమైంది.

ఏదైనా తొలగించే ముందు స్థలాన్ని ఆక్రమించినదేమిటో తెలుసుకోవాలి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ అనే విభాగం తెరిస్తే ప్రోగ్రాములకు, తాత్కాలిక ఫైళ్లకు, పత్రాలకు ఎంతెంత స్థలం పోయిందో వేర్వేరుగా కనిపిస్తుంది. అక్కడి టెంపరరీ ఫైల్స్ జాబితా నుంచి పని ప్రారంభించడం క్షేమకరం. నవీకరణల అవశేషాలు, థంబ్‌నెయిల్స్, రీసైకిల్ బిన్ ఆ జాబితాలో ఉంటాయి. రీసైకిల్ బిన్‌ను ఒకసారి తెరిచి చూసిన తరువాతనే ఖాళీ చేయాలి.

అదే జాబితాలో డౌన్‌లోడ్స్ ఫోల్డరు పేరు కూడా కనిపిస్తుంది. ఇక్కడ చేయి నిలపాలి. వినియోగదారులు పంపిన నమూనాలు, బ్యాంకు పత్రాలు, వాట్సాప్ ద్వారా అందిన డిజైన్లు చాలాసార్లు ఆ ఫోల్డరులోనే మిగిలి ఉంటాయి. అన్ని గడులకూ టిక్కు పెట్టి ఒక్క మీట నొక్కితే అవన్నీ పోతాయి. పాత హార్డ్ డిస్కులలో చెరిపిన ఫైళ్లను కొంతవరకు తిరిగి రాబట్టే అవకాశం ఉండేది. ఎస్‌ఎస్‌డీలలో చెరిపిన స్థలాన్ని డిస్కు తానే శుభ్రం చేసుకునే ట్రిమ్ అనే ఏర్పాటు ఉన్నందున ఆ ఆశ చాలా స్వల్పం.

విండోస్‌ను పై రూపానికి మార్చిన తరువాత విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డరు మిగులుతుంది. పాత రూపానికి తిరిగి వెళ్లేందుకు ఉద్దేశించిన ఈ ఫోల్డరు సాధారణంగా పది రోజుల తరువాత దానంతట అదే తొలగిపోతుంది. కొత్త రూపంలో ప్రింటరు, డిజైను ప్రోగ్రాములు సక్రమంగా పనిచేస్తున్నాయని నిర్ధారించుకుంటే టెంపరరీ ఫైల్స్ జాబితా నుంచి ముందే తొలగించవచ్చు. దానితో వెనుకకు వెళ్లే దారి మూసుకుపోతుంది.

కంటికి కనిపించని మరొక పెద్ద ఫైలు హైబర్నేషన్‌కు సంబంధించినది. సాధారణంగా ర్యామ్‌లో 40 శాతం వరకు ఇది స్థలం తీసుకుంటుంది. 16 గిగాబైట్ల ర్యామ్ ఉంటే ఆరు గిగాబైట్ల పైమాటే. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటరుగా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్, హెచ్, ఖాళీ, ఆఫ్ అని టైపు చేస్తే ఈ ఫైలు తొలగిపోతుంది. దానితో పాటు యంత్రం త్వరగా ప్రారంభమయ్యే ఫాస్ట్ స్టార్టప్ సౌకర్యం కూడా పోతుంది. కరెంటు కోత ఎక్కువగా ఉండి ల్యాప్‌టాప్‌ను హైబర్నేట్ చేసే అలవాటున్నవారు దీని జోలికి పోకపోవడమే మేలు.

వస్త్ర డిజైనర్లకు బాగా పరిచయమున్న సమస్య ఇంకొకటి ఉంది. ఫోటోషాప్ పని చేస్తున్నంతసేపూ స్క్రాచ్ డిస్కు పేరుతో తాత్కాలిక స్థలం వాడుకుంటుంది. ఎన్నో లేయర్లున్న చీర డిజైను తెరిస్తే ఆ స్థలం అసలు ఫైలుకు అనేక రెట్లు కావచ్చు. సీ డ్రైవ్ నిండినప్పుడు స్క్రాచ్ డిస్కులు నిండాయన్న సందేశం వచ్చి పని నిలిచిపోతుంది. ఫోటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్ డిస్కును డీ డ్రైవుకు లేదా మరో వేగవంతమైన డిస్కుకు మార్చడమే దీనికి సరైన పరిష్కారం. ప్రోగ్రాము అర్ధంతరంగా మూతపడితే తాత్కాలిక ఫైళ్లు అక్కడే మిగిలిపోతాయి. ఫోటోషాప్‌ను పూర్తిగా మూసిన తరువాత టెంప్ ఫోల్డరులో దాని పేరుతో మొదలయ్యే పెద్ద ఫైళ్లను తొలగించవచ్చు.

తాకరానివీ ఉన్నాయి. విండోస్ ఫోల్డరులోని విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్, ఇన్‌స్టాలర్ అనే రెండు ఫోల్డర్లు పరిమాణంలో పెద్దవిగా కనిపించి ఊరిస్తాయి. వాటిని చేతితో చెరిపితే నవీకరణలు, ప్రోగ్రాముల తొలగింపు దెబ్బతింటాయి. మొదటిదానిని విండోస్ సొంత శుభ్రతా సాధనాల ద్వారా మాత్రమే తగ్గించాలి. ఒక్క మీటతో కంప్యూటరును శుభ్రం చేస్తామని ప్రకటించుకునే అపరిచిత ప్రోగ్రాముల అవసరం ఈ పనికి లేదు. వ్యాపార ఖాతాల ప్రోగ్రాములు కూడా తమ డేటాను సీ డ్రైవులోనే ఉంచుతుండవచ్చు. ఆ డేటా ఏ ఫోల్డరులో ఉందో ప్రోగ్రాము సెట్టింగులలో చూసుకోనిదే ఏ పాత ఫోల్డరునూ తొలగించరాదు.

తొలగించడం కంటె తరలించడం చాలా సందర్భాలలో మెరుగు. డాక్యుమెంట్స్ ఫోల్డరు ప్రాపర్టీస్‌లో లొకేషన్ అనే విభాగం ద్వారా దానిని డీ డ్రైవుకు మార్చవచ్చు. ఫైళ్లన్నీ కొత్త చోటికి చేరాయో లేదో తప్పక సరిచూసుకోవాలి. 2018 అక్టోబరులో విండోస్ 10 నవీకరణ ఒకటి, ఇలా ఫోల్డర్లను తరలించుకుని పాత చోట కొన్ని ఫైళ్లు వదిలేసిన కొందరు వినియోగదారుల పత్రాలను చెరిపివేసింది. మైక్రోసాఫ్ట్ ఆ నవీకరణ పంపిణీని నిలిపివేయవలసి వచ్చింది.

డీ డ్రైవులో చోటు ఉంది కదా, కొంత సీకి కలుపుకోవచ్చు కదా అన్న ఆలోచన సహజమే. అయితే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీని పెంచాలంటే ఖాళీ స్థలం దానికి కుడి పక్కనే ఆనుకుని ఉండాలి. డీని కుదించగా వచ్చే స్థలం డీ చివరన ఏర్పడుతుంది కనుక ఆ స్థలం సీకి అందదు. రెండింటి మధ్య రికవరీ పార్టిషన్ ఉన్నా అదే చిక్కు. డీని పూర్తిగా తొలగిస్తే అందులోని ఫైళ్లన్నీ పోతాయి. పార్టిషన్లను జరిపే సాధనాలు ఉన్నా, ఆ మార్పు సాగుతుండగా కరెంటు పోతే నష్టం తీవ్రంగా ఉంటుంది. బిట్‌లాకర్ అమలులో ఉన్న యంత్రాలలో రికవరీ కీ చేతిలో లేకుండా ఈ పనికి పూనుకోరాదు.

ఉబుంటు వంటి లైనక్స్ వ్యవస్థలలో పాత కెర్నెళ్లు, లాగ్ ఫైళ్లు, ప్యాకేజీల నిల్వ సాధారణంగా స్థలాన్ని తింటాయి. ఆప్ట్ ఆటోరిమూవ్, ఆప్ట్ క్లీన్ అనే ఆదేశాలతో పాత కెర్నెళ్లు, ప్యాకేజీల నిల్వ చాలావరకు తొలగుతాయి.

ఏ పద్ధతి ఎంచుకున్నా, మొదటి ఫైలు చెరిపే ముందు డిజైన్లు, ఖాతాలు, కుటుంబ చిత్రాలను వేరొక ఎక్స్‌టర్నల్ డిస్కుకు ప్రతి తీసుకుని, ఆ డిస్కును మరో కంప్యూటరుకు తగిలించి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడాలి. అదే కంప్యూటరులోని డీ డ్రైవులో పెట్టిన ప్రతి ఇందుకు చాలదు. సీ, డీ రెండూ చాలా యంత్రాలలో ఒకే డిస్కులోని భాగాలు.