ఫీజు లేని కార్డు, సొంత పేరున ఓ పద్దు

పెళ్ళై అమెరికా వచ్చిన మన అమ్మాయిలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అక్కా, ఏడాది ఫీజు లేని కార్డుల్లో ఏది తీసుకోను? విమానం టికెట్లకి పాయింట్లిచ్చేదా, క్రెడిట్ హిస్టరీ పెరగడానికి పనికొచ్చేదా?" పాయింట్ల లెక్కలు తర్వాత వేసుకోవచ్చు. ముందు ఈ కార్డుల పాత కథ కొంచెం తెలిస్తే, జవాబు దానంతటదే దొరుకుతుంది.

ప్రయాణాల కార్డుకీ, ఇంటి కార్డుకీ పుట్టుకలోనే తేడా ఉంది. 1950లో న్యూయార్క్‌లో మొదలైన డైనర్స్ క్లబ్ కార్డు, ఊళ్ళు తిరిగి హోటళ్ళలో భోంచేసే వ్యాపారస్తుల కోసం వచ్చింది. 1958లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ తన కార్డుకి ఏడాదికి 6 డాలర్లు ఫీజు పెట్టింది. అదే ఏడాది సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో ఊళ్ళో, ఎవరూ అడగకుండానే సుమారు 60,000 ఇళ్ళకి కార్డులు పోస్టులో పంపింది. దానికి ఏడాది ఫీజు లేదు. బట్టలూ సామానూ కొనుక్కుని నెలనెలా తీర్చుకునే సంసారుల కార్డు అది. ఇప్పటి వీసా అదే.

ఇంటి కార్డే అయినా ఇల్లాలి పేరు మీద వచ్చేది కాదు. 1970ల మొదట్లో కూడా పెళ్ళైన ఆడవాళ్ళు కార్డు అడిగితే చాలా బ్యాంకులు భర్త సంతకం తెమ్మనేవి. ఇరవయ్యేళ్ళు ఇంటి బాకీలన్నీ ఆవిడే సకాలంలో కట్టినా ఆ మంచిపేరు భర్త ఖాతాలోకే పోయేది. ఆయన పోయినా, విడాకులైనా, ఆవిడ ఏ చరిత్రా లేని మనిషిగా మిగిలేది. దుఃఖంలో ఉన్న మనిషికి అది రెండో దెబ్బ.

1974 అక్టోబరులో ఈక్వల్ క్రెడిట్ ఆపర్చునిటీ యాక్ట్ వచ్చింది. ఆడవాళ్ళనీ, పెళ్ళైందనీ కానిదనీ చూసి అప్పు కాదనకూడదని చెప్పిన చట్టం. ఆ మాట అందులో ఉండేలా చూసిన ఘనత లూసియానా సభ్యురాలు లిండీ బాగ్స్‌కి ఇస్తారు. భర్త ఎక్కిన విమానం 1972లో అలాస్కాలో కనిపించకుండా పోయాక ఆ స్థానానికి ఎన్నికైన మనిషి ఆవిడ. 1977 నుంచి, భార్యాభర్తలిద్దరూ వాడే ఖాతాల వివరాలు ఇద్దరి పేరునా నమోదు చెయ్యాలన్న నిబంధన అమలైంది.

ఇక ఫీజు సంగతి. 1980 మార్చిలో ధరలు మండిపోతుంటే కార్టర్ ప్రభుత్వం అప్పుల మీద ఆంక్షలు పెట్టింది. ఆ అదనుకి బ్యాంకులు మామూలు కార్డులకి కూడా ఏడాది ఫీజు తగిలించాయి. 1986లో సియర్స్ వారి డిస్కవర్ కార్డు, 1990లో ఏటీ అండ్ టీ కార్డు ఫీజు లేకుండా వచ్చి పోటీ పెట్టాక మళ్ళీ దిగొచ్చాయి. ఈనాటి ఉచిత కార్డు ఆ పోటీ పుణ్యమే.

మన గృహిణులకి ఇంకో గండం మిగిలింది. 2009 చట్టం తర్వాత వచ్చిన నిబంధనల వల్ల, సొంత సంపాదన చూపిస్తేనే సొంత కార్డు అన్నారు. గృహిణులు గట్టిగా అభ్యంతరం చెప్పాక 2013లో అది మారింది. 21 ఏళ్ళు నిండినవాళ్ళు, తమ చేతికి నిజంగా అందే భర్త జీతాన్ని కూడా దరఖాస్తులో చూపించవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు. హెచ్‌4 వీసా మీద ఉండి సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివాళ్ళకి, ఐటిన్ నంబరుతో కార్డిచ్చే బ్యాంకులూ కొన్ని ఉన్నాయి.

అందుకే నా సలహా, మొదటి కార్డు మీ పేరున పద్దు మొదలుపెట్టేది కావాలి. కొంత డిపాజిట్ కట్టి తీసుకునే సెక్యూర్డ్ కార్డైనా సరే. భర్త కార్డు మీద అదనపు పేరుగా చేరడం మంచిదే కానీ, ఆ ఖాతా ఆయనది. 1989లో వచ్చిన ఫైకో స్కోరు లెక్కలో సకాలంలో కట్టడానికి 35 శాతం, వాడుకున్న అప్పు ఎంతన్నదానికి 30 శాతం, ఖాతా వయసుకి 15 శాతం విలువ. కనీసం 6 నెలలు గడవందే స్కోరే రాదు. కనుక చిన్న ఖర్చులకి వాడి, ప్రతి నెలా పూర్తిగా కట్టెయ్యండి. వడ్డీ పడిందంటే ఏ పాయింట్లూ దాన్ని పూడ్చలేవు.

ఏడాది గడిచి స్కోరు నిలబడ్డాక ప్రయాణాల కార్డు తీసుకోండి. అందులో పాయింట్ల కన్నా ముందు ఫారిన్ ట్రాన్సాక్షన్ ఫీజు ఉందేమో చూడండి. చాలా కార్డులకి అది 3 శాతం దాకా ఉంటుంది. హైదరాబాద్‌లో 1,000 డాలర్ల చీరలూ నగలూ కొంటే 30 డాలర్లు ఊరికే పోతాయి.

అప్పుడు కూడా మొదటి కార్డు మూసెయ్యకండి. ఫీజు లేదు కాబట్టి ఉంచుకుంటే పోయేదేమీ లేదు. నెలకోసారి పాల డబ్బాకో, కొత్తిమీర కట్టకో వాడితే చాలు, మీ పేరున ఉన్న పద్దు పెరుగుతూనే ఉంటుంది.