మన చదువుల కథ – 9: గోనెపట్టా నుంచి వరండా దాకా



మొన్న ఒక స్టడీ సర్కిల్లో డిగ్రీ చదివే తమ్ముడు అడిగాడు. "అన్నా, కరోనా రోజుల ఆన్‌లైన్ చదువు మన చరిత్రలోకి ఎందుకొస్తుంది? అది అందరికీ వచ్చిన కష్టమే కదా?" ఈ భాగమంతా ఆ తమ్ముడికి జవాబు.

ముందు మా ఇంటి సంగతి. మా తాత విశాఖ పోర్టులో కలాసీ. 1933లో రేవు మొదలయ్యాక పల్లెల్లోంచి మోత పనికి తరలివచ్చిన కుటుంబాల్లో మాదీ ఒకటి. తాత వేలిముద్ర వేసే కూలి తీసుకున్నాడు. నాన్న స్టీల్ ప్లాంట్లో కాంట్రాక్టు కార్మికుడు. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటివాణ్ని నేనే. జ్ఞానాపురం వైపు ఒంటిగది ఇల్లు, అందులో ఆరుగురం. గుమ్మం మీద ఎప్పుడూ పోర్టు బొగ్గు దుమ్మే. కూర్చోడానికి బల్ల, వెలుతురు, తప్పు రాస్తే దిద్దే మనిషి, ఇవన్నీ నాకు దొరికింది గవర్నమెంటు హైస్కూల్లోనే. మా ఇల్లు ఇవ్వలేనిదంతా ఆ గది ఇచ్చింది.

ఆ గది మనకు ఊరికే రాలేదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన క్రాన్, డెస్ గ్రాంజెస్ విశాఖపట్నంలో దిగి బడి పెట్టారు. ఆ తర్వాత వందేళ్లు గడిచినా మద్రాసు ప్రెసిడెన్సీలో చాలా బడులు అగ్రహారాల్లో, గుళ్ల దగ్గర నడిచేవి. వీధిలోకే రానివ్వని పిల్లలు బడిలోకి ఎలా వెళ్తారు? పంచమ పిల్లల చదువుకోసం మద్రాసు ప్రభుత్వం 1893లో ఉత్తర్వు ఇచ్చింది. 1920ల్లో లేబర్ డిపార్ట్‌మెంట్ మన పేటల్లో బడులు తెరిచింది. అంటే మిగతా పిల్లలతో కలిపి కూర్చోబెట్టడం కన్నా వేరే బడి కట్టడమే సర్కారుకు తేలికైంది. అటు సతారాలో 1900లో హైస్కూల్లో చేరిన అంబేద్కర్ తరగతిలో ఓ మూల గోనెపట్టా మీద కూర్చున్నాడు. దాన్ని రోజూ ఇంటి నుంచి తనే మోసుకెళ్లాలి. మనోళ్ల చదువు పోరాటమంటే ఆ మూల నుంచి మిగతా పిల్లల పక్కకు జరగడం కోసం చేసిన పోరాటం.

ఇక 2020కి వద్దాం. మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది పదో తరగతి పరీక్షలు రద్దు చేసి అందర్నీ పాస్ చేశారు. సర్కారు బడి పిల్లలకు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు పెట్టారు. ప్రైవేటు బళ్లలో జూమ్ క్లాసులు, వాట్సాప్‌లో హోంవర్కు. అంతకు ముందే, 2017-18లో జరిగిన జాతీయ శాంపిల్ సర్వే ఒక లెక్క చెప్పింది. దేశంలో నూటికి 24 ఇళ్లకే ఇంటర్నెట్ సదుపాయం ఉంది. పల్లెల్లో అయితే 15 ఇళ్లకే. ఆ లెక్క తెలిసీ ఆన్‌లైన్ క్లాసులు మొదలుపెట్టారు.

ఆ వర్షాకాలం మేం కొందరం కొండవాలు బస్తీలకు పుస్తకాలు, బియ్యం పట్టుకుని తిరిగాం. చాలా ఇళ్లలో ఫోను ఒకటే, అదీ తండ్రి జేబులో. ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి క్లాసు అయిపోయేది. పారిశుధ్య పని చేసే ఒక పిన్ని అంది: "ఏటి సేస్తాం బాబూ, లాక్‌డౌనని అందరికీ సెలవిచ్చారు, మాకివ్వలేదు. ఫోను నాతో రావాలి, పిల్లకి పాఠం కావాలి." ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే ఫోను మొదట మగపిల్లాడికి, మిగిలితే ఆడపిల్లకి. టీవీలో లెక్క అర్థం కాకపోతే ఆపి అడగడానికి అయ్యోరు లేడు.

ఒక పిల్లని నేను మర్చిపోలేను. తొమ్మిదో తరగతి. వాళ్లింట్లో టీవీ పాడైంది. వాళ్లమ్మ పాచిపని చేసే ఇంటి వరండాలో కూర్చుని, కిటికీలోంచి లోపలి టీవీ చూస్తూ నోట్సు రాసుకునేది. ఆ ఇంటావిడ చెడ్డదేం కాదు. పిల్ల కోసం సౌండ్ పెంచేది కూడా. కానీ లోపలికి రమ్మని మాత్రం అనలేదు. కరోనా భయమా, మరొకటా? నేను అడగలేదు. ఆ పిల్ల కింద పరుచుకున్నది మాత్రం బియ్యం సంచి.

తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. కరోనా అందరికీ వచ్చింది. బడి గది మూసి ఇంటినే బడి చేసుకోమంటే మాత్రం, ఇల్లున్నవాడికి అది బడి అయింది. మనకు మళ్లీ బయట చోటే మిగిలింది. ఈసారి ఎవరూ పొమ్మనలేదు, అందుకే ఎవరికీ తప్పుగా అనిపించలేదు.

టెక్నాలజీ మీద నాకు కోపం లేదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు 'సైట్' అనే ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు పంపారు. బడి పిల్లల పాఠాలూ అందులో ఉన్నాయి. అప్పుడు టీవీ పెట్టింది సర్కారు, చూసింది ఊరు. 45 ఏళ్ల తర్వాత పాఠం సర్కారుదే గానీ, పరికరం కొనాల్సింది కూలి చేసే తల్లి.

ఫలితం 2022 జూన్‌లో బయటపడింది. ఆ బ్యాచ్ ఎనిమిది చివర్లో ఉండగా బడి మూశారు. తొమ్మిదో తరగతికి 2020 నవంబరు 2న గానీ తెరవలేదు. పదో తరగతి 2021 ఆగస్టు 16న మొదలైంది. పరీక్ష రాసిన 6,15,908 మందిలో 4,14,281 మంది పాసయ్యారు, అంటే 67.26 శాతం. 2019లో అది 94.88 శాతం. రెండు లక్షల మందికి పైగా తప్పితే చాలామంది అన్న మాట "పిల్లలు ఫోన్లకు మరిగి పాడైపోయారు" అని. ఏ పిల్లలు? ఫోనే లేని పిల్లలా?

విద్యార్థి మిత్రులకు ఒక పని చెప్తాను. మీ పేటలో ఆ బ్యాచ్ వాళ్లను వెతకండి. పాఠం ఎవరి ఫోన్లో విన్నారు, ఎన్నాళ్లు విన్లేదు, తప్పాక ఏ పనికి పోయారు, అన్నీ వాళ్ల మాటల్లోనే రాయండి. రేపు మరో జబ్బో తుపానో వచ్చి బడి మూస్తే అడగడానికి మన దగ్గర కాగితం ఉండాలి: పేటకొక గది, అందులో ఒక టీవీ, పక్కన ఒక టీచరు. 1893లో మన పెద్దలకు ఉత్తర్వు కూడా ఎవరూ పిలిచి ఇవ్వలేదు.

వచ్చే భాగంలో హాస్టళ్ల గురించి.

జై భీమ్.