మందును శంకించిన దినములు

మన పల్లె సంఘములలో ఒక మాట చాలా కాలమునుండి తిరుగుచున్నది. "ఆ జబ్బుకంటె ఆ గోలీలే మనిషిని ముందుగా చంపును" అనునదే ఆ మాట. ఎయిడ్స్ అను పేరు ఎవరును బిగ్గరగా పలుకరు. "ఆ జబ్బు" అని ఊరకుందురు. ఈ మాట పలుకువారిని అజ్ఞానులని కొట్టివేయుట సులభము. అయితే ప్రియ చదువరులారా, ఆ మాటకు ఒక చరిత్ర కలదు. అది లింగాల ఘనపూర్‌లో గాని జనగామలో గాని పుట్టలేదు. అమెరికా దేశములో, బాగుగా చదువుకొన్నవారి మధ్య పుట్టి, సముద్రములు దాటి మనయొద్దకు వచ్చినది. పుట్టిన దినములలో దానియందు కొంత నిజమును ఉండెను. అది ఎంత నిజము, ఎంతకాలము నిజము అనునది తెలిసికొననిదే, నేడు మన మధ్య గోలీలు మానివేయుచున్న వారితో మనము మాటలాడలేము.

1964వ సంవత్సరమున డిట్రాయిట్ పట్టణములో జెరోమ్ హోర్విట్జ్ అను శాస్త్రజ్ఞుడు క్యాన్సరుకొరకు ఒక మందును తయారుచేసెను. అది క్యాన్సరుమీద పనిచేయలేదు గనుక దానిని అటకమీద పెట్టివేసిరి. 1981లో ఎయిడ్స్ వ్యాధి బయలుపడెను. దానికి మూలమైన హెచ్.ఐ.వి. అను వైరస్ 1983లో కనుగొనబడెను. తరువాత బరోస్ వెల్‌కమ్ అను కంపెనీవారును, అమెరికా ప్రభుత్వపు క్యాన్సరు సంస్థవారును ఆ పాత మందును దుమ్ము దులిపి చూడగా, అది ఈ వైరస్ పెరుగుదలను ఆపుచున్నట్లు కనబడెను. దాని పేరు ఎ.జెడ్.టి. 1986లో 282 మంది రోగులను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపునకు మందును, మరియొక గుంపునకు మందువలె కనబడు ఉత్త గోలీని ఇచ్చిరి. కొన్ని నెలలలోనే ఉత్త గోలీ తిన్నవారిలో 19 మంది చనిపోయిరి. మందు తిన్నవారిలో ఒక్కరే చనిపోయిరి. ఇట్టి తేడా కనబడిన తరువాత పరీక్షను సాగించుట ధర్మము కాదని దానిని ఆపి, అందరికిని మందే ఇచ్చిరి. 1987 మార్చి 19న అమెరికా ప్రభుత్వము ఆ మందు అమ్మకమునకు అనుమతి ఇచ్చెను.

ఇంతవరకు ఇది శుభవార్తవలె నున్నది. అయితే మందు అంగడికి వచ్చిన వెంటనే కలహము మొదలాయెను. ఒక మనిషికి ఒక సంవత్సరమునకు పట్టు మందుకు కంపెనీ అడిగినది సుమారు 10,000 డాలర్లు. ప్రజల పన్నుల సొమ్ముతో పనిచేయు ప్రభుత్వ శాస్త్రజ్ఞులు తోడ్పడగా వెలుగు చూచిన మందునకు ఇంత ధర యేల అని రోగులు అడిగిరి. ఆ ప్రశ్నకు తృప్తికరమైన జవాబు నాకు ఎక్కడను కనబడలేదు. మోతాదు సంగతి మరియు కష్టము. నాలుగు గంటలకొకసారి, పగలును రాత్రియు, నిద్రనుండి లేచియైనను మింగవలెను. ఆ మోతాదు అవసరమునకు మించినదని తరువాత తేలెను. అనేకులకు వాంతులు పట్టెను. రక్తము క్షీణించి మొగము తెల్లబడి, ఇతరుల రక్తము ఎక్కించుకొనవలసిన గతి కొందరికి పట్టెను. "వాడు మందువలననే పోయెను" అని స్నేహితుని సమాధియొద్ద నిలిచి పలికినవారు అబద్ధికులు కారు; తాము కన్నులార చూచినదే వారు పలికిరి.

వీటికంటె లోతైన గాయము మరియొకటి. ఆ దేశమున మొదట ఈ వ్యాధికి చిక్కినవారిలో ఎక్కువమంది లోకము వెలివేసినవారు: పురుషులతో పొందు గల పురుషులు, సూదులతో మత్తుమందు ఎక్కించుకొనువారు. కొన్ని ఆసుపత్రులలో వారి గదిలోనికి అన్నపు పళ్లెము తీసికొనిపోవుటకు పనివారు జంకి, తలుపునొద్దనే పెట్టి పోయెడివారు. రీగన్ అధ్యక్షుడు ఈ వ్యాధిని గూర్చి మొదటి పెద్ద ప్రసంగము చేసినది 1987 మే నెలలో. అప్పటికి ఆ దేశమున 20,000 మందికి పైగా చనిపోయి యుండిరి. సంఘములును చాలమట్టుకు మొగము త్రిప్పుకొనెను. ఇన్ని సంవత్సరములు తమవైపు చూడనివారు అకస్మాత్తుగా ఒక గోలీ చేతపట్టుకొని వచ్చి "నమ్ముము, మింగుము" అనినప్పుడు రోగి శంకించుట వింతయా?

ఆ శంకనుండి రెండు దారులు చీలెను. ఈ చరిత్రలో మనము ముఖ్యముగా చూడవలసినది ఇదే.

ఒక దారిని 1987 మార్చిలో న్యూయార్కు పట్టణమున "యాక్ట్ అప్" అను పేరున కూడుకొన్న రోగులును వారి స్నేహితులును పట్టిరి. వారు వైద్యులను వదలిపెట్టలేదు, వారి వెంటబడిరి. 1988 అక్టోబరు 11న మందులకు అనుమతులిచ్చు ప్రభుత్వ కార్యాలయమును చుట్టుముట్టిరి. 1989 సెప్టెంబరులో న్యూయార్కు వాటాల బజారు లోపలికే చొరబడి, ధర తగ్గించుడని కేకలు వేసిరి; కొద్ది దినములలోనే కంపెనీ ధరను నూటికి 20 వంతులు తగ్గించెను. కేకలతో వారు ఆగలేదు. వైద్యశాస్త్రము ఎన్నడును చదువని గుమాస్తాలును నటులును రాత్రులు కూర్చుండి వైద్య పత్రికలు చదివి, పరీక్షలు ఎట్లు జరుగునో నేర్చుకొని, తుదకు పరీక్షల ఏర్పాట్లు చేయు సభలలోనే వైద్యుల ప్రక్కన కూర్చుండిరి. 1990లో ఎ.జెడ్.టి. మోతాదు సగమునకు తగ్గించబడెను.

రెండవ దారి పట్టినవారు వైరస్సే అబద్ధమనిరి. కాలిఫోర్నియాలో పీటర్ డ్యూస్‌బర్గ్ అను పేరుగల ఆచార్యుడు హెచ్.ఐ.వి. వలన ఎయిడ్స్ కలుగదనియు, మత్తుమందులును ఎ.జెడ్.టి. యును కలిసి దానిని కలిగించుచున్నవనియు వ్రాసెను. పండితుడు వ్రాసిన మాట గనుక అది దూరదేశములకు ప్రాకెను.

ఇంతలో ఎ.జెడ్.టి. మీద నిజమైన దెబ్బయు పడెను. ఇంగ్లాండు, ఫ్రాన్సు మొదలగు దేశములలో ఇంకను జబ్బు పడని 1,749 మంది హెచ్.ఐ.వి. గలవారిపై "కాంకర్డ్" అను పరీక్ష చేసి, 1993లో ఫలితము చెప్పిరి. ముందుగానే ఈ ఒక్క మందు ఇచ్చుటవలన వ్యాధి ఆలస్యమగుట లేదని తేలెను. దీని కారణము మన పత్తి రైతులకు నేను వివరింప నక్కరలేదు. ఒకే పురుగుమందును పదేపదే కొట్టినయెడల పురుగు దానికి అలవాటుపడును గదా. వైరస్సును అట్లే తన రూపము మార్చుకొని ఒంటరి మందును దాటిపోయెను. 1996లో మూడు మందులు కలిపి ఇచ్చుట వచ్చిన తరువాత, మంచము పట్టినవారు లేచి పనికి పోవుట ఆరంభమాయెను. అంతమంది నిందించిన ఎ.జెడ్.టి.యే మరియొక పని చేసెను. గర్భవతులకును పుట్టిన బిడ్డలకును దానిని ఇచ్చినయెడల, తల్లినుండి బిడ్డకు వ్యాధి సోకుట నూటికి 25 నుండి 8కి తగ్గునని 1994లో తెలిసెను.

ఈ కథలో మన తెలుగువారికి గొప్ప పాలు కలదు. మన సంఘములలో అది తెలిసినవారు బహు కొద్దిమంది. గుంటూరులో పుట్టిన ఎ.వి. రామారావుగారు హైదరాబాదు తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థకు 1985 నుండి 1995 వరకు అధిపతిగా నుండిరి. ఎ.జెడ్.టి.ని తక్కువ ఖర్చుతో తయారుచేయు మార్గమును ఆయన కనిపెట్టిరి. మన దేశపు 1970 నాటి పేటెంటు చట్టము ప్రకారము, మందును వేరొక పద్ధతిలో తయారుచేయుటకు అడ్డులేకుండెను. బొంబాయిలోని సిప్లా కంపెనీ అధిపతి యూసుఫ్ హమీద్ ఆ పద్ధతిని తీసికొని 1993లో ఆ మందును బయటి ధరలో చిన్న వంతుకే అంగడిలో పెట్టిరి. అయితే కొనువారేరి? అదియును పేదవానికి అందని ధరయే. ప్రభుత్వమును కొనుమని అడుగగా, వ్యాధిని కనుగొనుటకును నివారించుటకునే గాని చికిత్సకు సొమ్ము లేదని చెప్పిరట. రెండు లక్షల గుళికలు వ్యర్థమై పారవేయబడెనని హమీద్‌గారే తరువాత చెప్పియున్నారు. ఆ సంవత్సరములలో మన పల్లెలనుండి బొంబాయికి, భివండికి వలసపోయి జబ్బుతో తిరిగివచ్చినవారికి దవాఖానలో వినబడిన జవాబు ఒక్కటే: మందు లేదు.

రెండవ దారి చివర ఏమున్నదో దక్షిణాఫ్రికా దేశము చూపినది. 1999లో అధ్యక్షుడైన థాబో ఎంబెకి, ఆ సంవత్సరము అక్టోబరులోనే ఎ.జెడ్.టి. విషమువంటిదని చట్టసభలో హెచ్చరించెను. తెల్లవారి పాలనలో నల్లవారి శరీరములను వైద్యులు ఎంత చులకనగా చూచిరో ఎరిగిన జనులకు ఆ శంక సహజముగా తోచెను. 2000 జూలైలో 5,000 మందికి పైగా శాస్త్రజ్ఞులు చేవ్రాలు చేసి, హెచ్.ఐ.వి.యే కారణమని ప్రకటించినను ఆయన మనస్సు మారలేదు. ఆరోగ్యమంత్రి వెల్లుల్లి, నిమ్మ, బీట్‌రూట్ తినుడని బోధించెను. ఆ దేశముననే జాకీ అక్మాట్ అను రోగి, డబ్బు పెట్టి మందు కొనగలిగియు, పేదలకు ప్రభుత్వ ఆసుపత్రిలో దొరకువరకు తాను ముట్టనని ఒట్టు పెట్టుకొనెను. 2002లో వృద్ధుడైన మండేలా ఆయన యింటికి పోయి మందు తీసికొనుమని బ్రతిమాలెను. ఆ సంవత్సరము జూలైలో అత్యున్నత రాజ్యాంగ న్యాయస్థానము తల్లులకు మందు ఇచ్చి తీరవలెనని తీర్పు చెప్పెను. ఆ ఆలస్యమువలన 2000 నుండి 2005 వరకు 3,30,000 మందికి పైగా ప్రాణములు పోయెనని హార్వర్డ్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2008లో లెక్క కట్టిరి. ధరను శంకించినవారు ధర తగ్గించిరి. మోతాదును శంకించినవారు మోతాదు తగ్గించిరి. వైరస్సే లేదనినవారు సమాధులు త్రవ్వించిరి.

2001 ఫిబ్రవరిలో సిప్లావారు మూడు మందులను కలిపి సంవత్సరమునకు 350 డాలర్లకే ఇచ్చెదమనగా లోకము విస్తుపోయెను. మన దేశమున 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము ఉచితముగా మందు ఇచ్చుట ప్రారంభించెను. అప్పట్లో వ్యాధి ఎక్కువగానుండిన ఆరు రాష్ట్రములలో ఆనాటి మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. మందు వచ్చినను శంక పోలేదు. దానికిని కారణములు కలవు. ఆ మొదటి మందులలో ఒకదానివలన అరికాళ్లు మండి, బుగ్గలు లోపలికి పోయెడివి. ఆ మందును క్రమముగా మానివేయుడని ప్రపంచ ఆరోగ్య సంస్థయే 2009లో చెప్పెను. ఎ.జెడ్.టి. తిన్నవారి గోళ్లు నల్లబడెడివి. ఊరంతయు ఆ గోళ్లు చూచి గుర్తుపట్టెడిది. రక్తపరీక్ష కాగితమును పదిమందిలో బిగ్గరగా చదివిన నర్సును, కాన్పునకు వచ్చిన స్త్రీని ముట్టనని పంపివేసిన డాక్టరును మన ప్రజలు మరచిపోలేదు. అట్టి తిరస్కారమును, రోగి పేరు బయటపెట్టుటను నిషేధించు చట్టము 2017లో చేయబడి, 2018 సెప్టెంబరు 10నుండి అమలులోనున్నది. ఈ చట్టమున్నదని మన సంఘములలో ఎంతమందికి తెలియును?

ఇప్పుడు మన గుమ్మములోని సంగతి. స్వస్థత కూటములలో కొందరు బోధకులు ఒక కాగితము పైకెత్తి చూపుచున్నారు. అది వైరల్ లోడ్ పరీక్ష కాగితము. రక్తములో వైరస్ కనబడలేదని దానిలో వ్రాసియుండును. చూచినవారు చప్పట్లు కొట్టుదురు. మా వైపు ఒక విధవరాలు అట్టి కూటమునుండి వచ్చి గోలీలు పొయ్యిలో వేసెను. ఐదు నెలలకు ఆమెను ఎడ్లబండివంటి ఆటోలో పండబెట్టి దవాఖానకు తీసికొనిపోయిరి. ఆమె బ్రదికినది. ఆ కాగితము అబద్ధము కాదు. రోజు తప్పక గోలీ తినువారిలో ఎక్కువమందికి ఆరు నెలలలో అట్టి కాగితమే వచ్చును. గోలీ వైరస్సును అణచి యుంచును, పెరికివేయదు. అది శరీరములోని కొన్ని కణములలో దాగి నిద్రించుచుండును. గోలీ మానిన కొన్ని వారములలోనే మరల లేచును. కాగితములో కనబడలేదని వ్రాసినది గోలీ పనిచేయుచున్నదనుటకు గుర్తు. అంతే కాదు, అట్లు అణగియున్నంతకాలము భర్తనుండి భార్యకు గాని, భార్యనుండి భర్తకు గాని అది సోకదు.

హిజ్కియా రాజు కన్నీటితో ప్రార్థించినప్పుడు దేవుడు విని పదునైదు సంవత్సరముల ఆయుష్షు చేర్చెను. అయినను అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టుడని యెషయా చెప్పుట మానలేదు. కట్టిరి, రాజు బాగుపడెను. ప్రభువు పదిమంది కుష్ఠరోగులను యాజకులకు కనుపరచుకొనుటకు పంపెను. ఏలయనగా శుద్ధుడైనదియు కానిదియు పరీక్షించి చెప్పుట ఆనాడు యాజకుని పని. ప్రార్థించిన బోధకుడే పరీక్షకుడు కాడు.

మన ప్రాంతపువారు మందు తెచ్చుకొను వరంగల్ ఎం.జి.ఎం. దవాఖానవంటి కేంద్రములలో నేడు ఎక్కువమందికి ఇచ్చునది రోజుకు ఒక్కటే గోలీ. మూడు మందులు అందులోనే ఇమిడియున్నవి. కాళ్ల మంట తెచ్చిన ఆ పాత మందు అందులో లేదు, గోళ్లు నల్లచేసిన ఎ.జెడ్.టి.యును లేదు. అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పుటకు ఒక కౌన్సిలరు అక్కడ కూర్చుండును. 2017లో ఈ కొత్త గోలీని పేద దేశములకు సంవత్సరమునకు 75 డాలర్లకు ఇచ్చుటకు ఒప్పుకొన్న రెండు కంపెనీలును హైదరాబాదులో వేళ్లూనినవే. ఒకనాడు 10,000 డాలర్లు పెట్టి కొన్నవాడు రాత్రి నిద్ర లేచి మింగిన మందుకంటె మేలైనదానిని, ఘనపూర్ కూలివాడు నేడు పైసా లేకుండ చేతపట్టుకొని ఇంటికి వచ్చుచున్నాడు. వాని ఖర్చెల్ల బస్సు టికెట్టును, ఆ దినపు కూలియు మాత్రమే.