గ్రామోద్యోగి జీతము: కళ్లము నుండి కచేరీ దాకా

నెల్లూరు నుండి ఆత్మకూరునకు పోవు బాటలో, పెన్న ఒడ్డున సంగం ఉన్నది. 1880–90 మధ్య ఇచ్చట కట్టిన ఆనకట్ట దిగువ మాగాణికి ప్రాణాధారమైనది. 2022లో దాని చెంతనే కొత్త బ్యారేజి తెరచినారు. ఆనకట్ట ఎంత గొప్పదైనను, నీరు మడికి చేరునది తూము ద్వారా. తూము వద్ద ఉండునది ఒక మనిషి. అతని జీతమెంత, దానిని ఇచ్చునది ఎవరు అనునది చిన్న ప్రశ్నగా తోచును. కాని అతని కూడు ఊరి మోతుబరి కొలిచిపోయు గింజలపైననే ఆధారపడినచో, వానలు లేని యేట నీరు ముందుగా ఎవరి పొలమునకు పారునో శ్రోతలే ఊహింపగలరు.

పూర్వము మన గ్రామములలో జీతమనగా రూకలు కావు. కరణము, గ్రామపెద్ద, తలారి, వెట్టి, నీరుగంటి, వీరందరికిని కొంత మాన్యపు భూమియు, కళ్లములో ధాన్యము కొలుచునప్పుడు కొంత మేరయు లభించెడివి. ఈ పద్ధతిలో ఒక న్యాయము లేకపోలేదు. పంట పండిన యేడు ఉద్యోగికిని పండెడిది. ఎండిన యేడు రైతుతోపాటు అతడును ఎండెడివాడు. ఎవరికెంత ముట్టినదో పదిమంది కన్నులయెదుటనే తేలెడిది. లోపములును ఉన్నవి. మాన్యము అన్నదమ్ముల పంపకములలో ముక్కలయ్యెడిది. పని మాత్రము ముక్కలు కాదు. మేర కొరకు చేయిచాచు తలారి, మేరనిచ్చు రైతు తప్పును పట్టుకొనజాలడు.

1801లో నెల్లూరు సీమ కుంఫిణీ పాలనలోనికి వచ్చినది. 1802 నాటి 29వ రెగ్యులేషను కరణముల విధులను నిర్ణయించినది. 1816 నాటి 4వ రెగ్యులేషను గ్రామపెద్దకు పది రూపాయలలోపు దావాలు విచారించు అధికారమిచ్చినది. అదే యేటి 11వ రెగ్యులేషను పోలీసు పనిని కూడ అతనికి అప్పగించినది. పనులు పెరిగినవి, ప్రతిఫలము పాత మాన్యము, పాత మేరయే. శిస్తు వసూలు, పోలీసు బలము ఒకే యంత్రాంగము చేతిలో ఉన్నప్పుడు ఏమగునో 1855లో మదరాసు విచారణ సంఘము వెల్లడించినది: శిస్తు కొరకు రైతులను హింసించుట నిజమేనని ఆ సంఘము తేల్చినది. 1859లో పోలీసు శాఖను వేరుచేసి, జీతముపై పనిచేయు దళముగా ఏర్పరచినారు.

1858 నుండి ఇనాం కమిషను మాన్యములను విచారించినది. 1864లో గ్రామోద్యోగుల జీతముల కొరకు శిస్తు రూపాయికి అణా మించకుండ పన్ను వేయుటకు చట్టము చేసినారు. వెంకటగిరి వంటి జమీందారీ గ్రామములకు 1894లోను, వంశపారంపర్యపు ఉద్యోగములకు 1895లోను వేరు చట్టములు వచ్చినవి. 1906లో ఆ గ్రామపన్ను తొలగి, జీతముల భారము సర్కారు ఖజానాపై పడినది. ఆ విధముగా కళ్లములోని కొలత కచేరీలోని పద్దుగా మారినది. మోతుబరి పట్టు కొంత సడలినది. కాని రైతు కంటికి జీతము కనబడుట మానినది.

ఎన్నికైనవారి మాట వేరు. 1884 లోకల్ బోర్డుల చట్టముతో సభ్యత్వము గౌరవ పదవి అయినది. జీతము లేని పదవి తీరిక, ఆస్తి గలవారికే అందును. ఇంగ్లండులో 1911 నుండి కామన్స్ సభ్యులకు సాలుకు 400 పౌనులు ఇచ్చుటకు కారణము ఇదియే: కూలివాని బిడ్డ కూడ సభలో కూర్చుండవలెనని. మన దేశములో సమస్యకు రెండవ ముఖమును చూచినారు. ఉద్యోగి జీతము నెలకు 500 రూపాయలు మించరాదని 1931లో కరాచీ కాంగ్రెసు తీర్మానించినది. 1937లో కాంగ్రెసు మంత్రులు అంతే జీతము పుచ్చుకొన్నారు. నాటి రాజాజీ మంత్రివర్గములో స్థానిక పాలనాశాఖను నిర్వహించినవారు సంగమునకు సమీపమందలి బుచ్చిరెడ్డిపాళెమునకు చెందిన బెజవాడ గోపాలరెడ్డి. ఆ విధముగా ఒకచోట కనీసము, మరొకచోట గరిష్ఠము న్యాయమునకు హద్దులైనవి.

వంశహక్కు సంగతి కూడ తేలవలసివచ్చినది. గ్రామ మునసబు పదవి ప్రభుత్వోద్యోగమే కనుక, వంశమును బట్టి ఇచ్చుట రాజ్యాంగమునకు విరుద్ధమని, గుంటూరు జిల్లా వ్యాజ్యమొకదానిలో 1960లో సుప్రీంకోర్టు తీర్పిచ్చినది. 1984 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వము కరణము, మునసబు మొదలగు పదవులను ఆర్డినెన్సుతో రద్దుచేసినది. 1985లో సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయములు ప్రారంభమైనవి. వాటి కొత్త ఉద్యోగులకు తొలినాళ్ల ప్రొబేషనులో నెలకు 15,000 రూపాయలు, ఆ యేడే నియమించిన వలంటీర్లకు 5,000 రూపాయల గౌరవ వేతనము నిర్ణయించినారు.

ఈ చరిత్రనుండి మేము గ్రహించినది ఇంత. గౌరవ వేతనమని పేరు పెట్టినను, పని గంటలను లెక్కింపక తప్పదు. జీతము ఉద్యోగి కుటుంబమునకు చాలవలెను, సేవ పొందువాని చేతినుండి రాకూడదు, గడువు తప్పకూడదు, ఎంత ఇచ్చుచున్నదియు గ్రామసభ యెరిగియుండవలెను. మొదటి మూడింటిని సర్కారు ఖజానా సాధింపవచ్చును. నాల్గవది కళ్లమునకు తెలిసిన విద్య. పంచాయతి పద్దును సభలో చదివించి వినుట ఊరివారి హక్కు. ఆ హక్కును వాడుకొన్న ఊరిలో తూము వద్ద మనిషి ఎవరి మొగమును చూడక నీరు వదలగలడు.