చెడుగుడులో జమిలి ఎత్తులు

చెడుగుడు బలవంతుల ఆట యని సామాన్యముగా అనుకొందురు. ఒక్క సాయంకాలము ఇందల్వాయి వంటి పల్లెలో, పంట తీసిన మెత్తని నేలపై పిల్లలు గీత గీచి ఆడుచుండగా నిలిచి చూచినవారికి ఈ అభిప్రాయము మారును. కండలు తిరిగినవాడు కూతకు పోయి పట్టుబడుటయు, బక్కపలుచని కుర్రవాడు ఇద్దరిని తాకి నవ్వుచు గీత దాటి వచ్చుటయు అక్కడ వింత కాదు. ఆ కుర్రవానిని కాపాడినది వేగమందుమా, పట్టుటకు నిలిచినవారికిని వేగము కలదు. కాపాడినది ఎత్తు, అందును జమిలి ఎత్తు. మొదటి కదలికతో ఎదుటివానిని నమ్మించి, వాడు తేరుకొనకముందే రెండవ కదలికతో పని ముగించుకొనుట దీని లక్షణము. ఈ విద్య మన ఆటలో ఎట్లు పెరిగినదో, నియమములు మారినప్పుడెల్ల అది ఎట్లు రూపు మార్చుకొన్నదో ఇక్కడ చెప్పుకొందము.

ముందుగా ఇందలి కిటుకు తెలిసికొనవలెను. మనిషి తన బరువును రెండు కాళ్లపై సమముగా నిలిపియున్నంతవరకు ఎటైనను కదలగలడు. బరువంతయు ఒక కాలిపై పడినచో, దానిని మరలించుకొనువరకు ఆ కాలు ఎత్తజాలడు. ఆ రెప్పపాటు కాలమే కూతగాని సొమ్ము. మూలన నిలిచినవాడు చీలమండను పట్టుటకు పొంచియుండును. కూతగాడు వాని భుజము మీదికి చేయి విసరినట్లు నటించును. వాడు వెనుకకు వాలును. బరువు మడమల మీదికి పోవును. ఆ క్షణముననే కూతగాడు కాలు చాచి వాని పాదమును బొటనవ్రేలితో తాకును. దీనికి తిరుగుడు కూడ కలదు. కాలిని ఎరగా చూపి, వాడు దానిపైకి దుమికినంతనే వెనుకకు లాగి, వంగిన తలను చేతితో తాకుట. మరియొకటి, ఎడమ మూలకు పరుగెత్తుచున్నట్లు పోయి, అందరి చూపు అటు తిరుగగానే అడుగు బిగబట్టి, కుడివైపువానిని చేతితో తాకి మరలుట.

ఒక మాట గమనింపదగినది. మొదటి కదలిక మరీ త్వరగా ముగిసినచో ఎదుటివాడు నమ్మడు. మరీ సాగినచో వాడు తేరుకొనును. పైగా కూతగాని ఊపిరి ఖర్చగుచుండును. ఒక్క ఊపిరిలోనే కూత పెట్టుచు, అబద్ధమును నిజమును రెండింటిని ఆడవలసిన ఆట ఇది. కావుననే ఊపిరి నిలుపుట తెలియనివానికి ఎత్తులెన్ని తెలిసినను ప్రయోజనము లేదు.

పూర్వము ఈ ఆట దేశమంతట ఒకే తీరున లేదు. సంజీవని, గామిని, అమర్ అను మూడు పద్ధతులు ప్రసిద్ధములు. సంజీవనిలో ఎదుటి జట్టువాడు చచ్చినప్పుడు మన జట్టులో చచ్చినవాడు మరల బ్రతికి వచ్చును. గామినిలో చచ్చినవాడు జట్టంతయు ముగియువరకు బయటనే కూర్చుండును. అమర్ పద్ధతిలో ఎవరును బయటకు పోరు. తాకినందుకు అంకము మాత్రము లెక్క వేయుదురు. పద్ధతిని బట్టి తెగువ మారుటలో ఆశ్చర్యమేమున్నది? చచ్చినవాడు తిరిగిరాని ఆటలో కూతగాడు జంకుచు గీత దగ్గరనే తిరుగాడును. ఒక్క తాకుతో తనవానిని బ్రతికించుకొనగల సంజీవనిలో లోనికి చొచ్చుకొనిపోయి ఎత్తుపై ఎత్తు వేయును. నేడు ప్రపంచమంతట ఆడుచున్న కబడ్డీ ఈ సంజీవని నుండియే పుట్టినది.

ఈ పల్లె ఆటను నియమములలో పెట్టిన ఘనత మహారాష్ట్ర, బరోడా ప్రాంతముల వ్యాయామశాలలకు చెందును. 1918 నుండి మహారాష్ట్రలో సాగిన ప్రయత్నముల తరువాత 1923లో బరోడాలోని హింద్ విజయ్ జింఖానా నియమావళిని ప్రకటించినది. 1936లో అమరావతి హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు బెర్లిన్ ఒలింపిక్ క్రీడల సందర్భమున దీనిని ప్రదర్శించిరి. 1950లో అఖిల భారత కబడ్డీ సమాఖ్య ఏర్పడినది. 1952లో మద్రాసున పురుషులకు, 1955లో కలకత్తాలో స్త్రీలకు మొదటి జాతీయ పోటీలు జరిగినవి. 1990లో బీజింగ్ ఆసియా క్రీడలలో కబడ్డీకి స్థానము లభించినది.

నియమములు ఆటను కట్టివేయుననుకొన్నవారు పొరబడిరి. ప్రతి కొత్త నియమమును ఒక కొత్త ఎత్తుకు తల్లి యైనది. పురుషుల ఆటస్థలము పదమూడు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. నడిగీతకు 3.75 మీటర్ల దూరమున ఒక గీత కలదు. ఎవరినైనను తాకనిచో కూతగాడు దానిని ఒక్కసారియైనను దాటియే మరలవలెను; గీత దగ్గర దాగుడుమూతలకు ఇక తావు లేదు. దానికి మీటరు దూరమున బోనస్ గీత. ఎదుట ఆరుగురు గాని, ఏడుగురు గాని ఉన్నప్పుడు ఒక కాలు దానిని దాటి మోపి, వెనుక కాలు గాలిలో నిలిపినచో ఒక అంకము లభించును. ఇది చిన్న బహుమానముగ తోచును గాని, ఎత్తుగానికి పెద్ద ఆయుధమైనది. బోనస్ కొరకు కాలు చాచినట్లు చూపినంతనే మూలవాడు ముందుకు దుముకును. ఆ కాలే వానిని తాకి వెనుకకు వచ్చును. వాడు దుమకనిచో బోనస్ దక్కును. ఏది చేసినను నష్టమే యగునట్లు ఎదుటివానిని నిలుపుటయే జమిలి ఎత్తునకు పరాకాష్ఠ.

ఈ విద్య మన సొత్తు మాత్రమే కాదు. ఉత్తర అమెరికాలో హోడెనోషోనీ మొదలగు ఆదివాసి జాతులవారు తరతరములుగా ఆడు లాక్రోస్ అను ఆట కలదు. చివర వల అల్లిన కర్రలో బంతిని నిలుపుకొని పరుగెత్తవలెను. అందును ఆటగాడు ఒకవైపు పోవుచు అడుగు బిగబట్టి, కర్రను చేయి మార్చుకొని రెండవవైపు మరలును. ఎదుటివాడు దానిని పసిగట్టి అడ్డువచ్చినచో, వానికి వీపు త్రిప్పి గిరుక్కున చుట్టివచ్చును. మన కూతగాడు చేయుపని అదియే. ఆ ఆట చరిత్ర మనకు ఒక పాఠమును నేర్పును. 1867లో మాంట్రియల్ దంతవైద్యుడు జార్జ్ బీర్స్ దానికి నియమములు వ్రాసెను. 1880లో కెనడా సంఘము ఔత్సాహికులకే పోటీలని నిర్ణయించి, డబ్బు పుచ్చుకొందురను నెపముతో ఆ ఆటను కన్న ఆదివాసులనే బయట నిలిపినది. నియమము వ్రాసినవారు ఆట తమదే యనుకొన్నచో జరుగు అన్యాయమిది.

మన కబడ్డీకి వచ్చిన పరీక్ష వేరొకటి. 1990 నుండి 2014 వరకు ఏడు ఆసియా క్రీడలలోను పురుషుల స్వర్ణము భారతదేశమునకే దక్కినది. 2014లో ప్రారంభమైన వృత్తి పోటీలలో తెలుగు టైటాన్స్ జట్టున రాహుల్ చౌదరి పరుగుమీద చేతితాకుకు పేరెన్నిక గన్నాడు. 2017లో పాట్నా ఆటగాడు పర్దీప్ నర్వాల్ ఒకే పోటీలో కూతలమీద 34 అంకములు గడించినాడు. పట్టుగాండ్రు చేతులు కలిపి వలయము బిగించినప్పుడు వారి చేతుల క్రింద మునిగి పైకి తేలు 'డుబ్కీ' అతని ప్రత్యేకత. ఇట్లుండగా 2018లో జకార్తాలో ఇరాన్ పురుషులు సెమీఫైనల్‌లో మనవారిని 27–18తోను, ఇరాన్ స్త్రీలు ఫైనల్‌లో 27–24తోను ఓడించిరి. ఆ స్త్రీలకు శిక్షణ నిచ్చినది మహారాష్ట్రకు చెందిన శైలజా జైన్. మన ఎత్తులు ఇంటివారికే తెలియునను ధీమా ఆనాటితో తీరినది. పరిచితమైన ఎత్తు ఎత్తు కాజాలదు. 2023లో హాంగ్జౌలో జరిగిన క్రీడలలో మన స్త్రీ పురుష జట్లు రెండును స్వర్ణములను మరల గెలుచుకొన్నవి.

నేడు పెద్ద పోటీలు మెత్తని పట్టాలపై, బూట్లు తొడిగి, ముప్పది సెకన్ల గడియారము క్రింద జరుగుచున్నవి. పట్టా కొనుట పల్లె బడికి సులభసాధ్యము కాదు. అయినను జమిలి ఎత్తు పుట్టినది పట్టాపై కాదు. వట్టి కాలి వ్రేళ్లతో మట్టిని పట్టి నిలుచుట నేర్చిన పిల్లలలో పుట్టినది. ఊరిలో ఆటస్థలము మిగిలినచో, దాని చుట్టు నిలిచి "వాడు నిన్ను నమ్మువరకు ఆగుము, నమ్మిన పిమ్మట ఆగకుము" అని చెప్పు పెద్దలు మిగిలినచో, ఆటను కన్నవారు ఆటకు దూరము కారు. లాక్రోస్ కన్న జాతులకు కలిగిన గతి మన పల్లెలకు కలుగకుండ చూచుకొనుట మన చేతిలోనే యున్నది.