ముందు గుమ్మం ఉన్న దవాఖాన: మిసిసిపి డెల్టాలో నల్లవాళ్ళ ఆరోగ్య బీమా

అమెరికా నల్లవాళ్ళ పోరాటం అనగానే మన సభల్లో మాల్కం ఎక్స్ పేరు, మార్టిన్ లూథర్ కింగ్ పేరు, బ్లాక్ పాంథర్ల పేరు వినబడతాయి. 1946లో అంబేద్కర్ డు బోయ్స్‌కు ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. అప్పటి నుంచి ఈ చుట్టరికం మనకు తెలిసిందే. అయితే ఆ నల్లవాళ్ళకు జబ్బు చేస్తే ఎక్కడికి పోయారు, కోత ఆపరేషన్‌కు పైసలు ఎవరు కట్టారు, పురుడు ఎక్కడ పోసుకున్నారు అని మనం పెద్దగా అడగలేదు. వాడల్లో పుట్టిన మనమే ఈ ప్రశ్న అడగకపోతే ఇంకెవరు అడుగుతారు? దవాఖాన ఖర్చుకు అమ్ముడుపోయిన అరెకరం గురించి మన ఇళ్ళల్లో ఎవరికి తెలియదు గనక?

ముందుగా బీమా సంగతి. బీమా కంపెనీలకు మనిషి ప్రాణం ఒక లెక్క. ఆ లెక్కలో రంగు ఎట్లా దూరిందో చూడాలి. 1881లో ప్రుడెన్షియల్ అనే పెద్ద అమెరికన్ కంపెనీ, నల్లవాళ్ళు తెల్లవాళ్ళంతే కిస్తీ కట్టినా వాళ్ళ పాలసీకి వచ్చే సొమ్ములో మూడోవంతు కోస్తామని ప్రకటించింది. దీన్ని తప్పుపడుతూ కొన్ని రాష్ట్రాలు చట్టాలు చేశాయి. అప్పుడు ఆ కంపెనీ గణాంకవేత్త ఫ్రెడరిక్ హాఫ్‌మన్ 1896లో ఒక లావుపాటి పుస్తకం రాసి, నల్లజాతి పుట్టుకతోనే బలహీనమైనది, దానికి బీమా గిట్టుబాటు కాదని ‘నిరూపించాడు’. ఆకలి, ఇరుకు గుడిసె, మురికినీళ్ళు ఆయన లెక్కలోకి రాలేదు. చావుకు కారణం రక్తంలోనే ఉందన్నాడు. కర్మ సిద్ధాంతాన్ని అంకెల్లో రాస్తే ఇట్లాగే ఉంటుంది.

కంపెనీలు తలుపు వేస్తే నల్లవాళ్ళు ఊరుకోలేదు. బానిసత్వం పోయిన కాలం నుంచే వాళ్ళకు సొంత సంఘాలున్నాయి. చావు సంఘాలు, జబ్బు సంఘాలు, లాడ్జీలు అనేవారు. నెలనెలా నాలుగు డబ్బులు వేసుకునేది, ఎవరింట్లో చావైతే వాళ్ళకు ఇచ్చేది. మా వాడలోనూ చావు జరిగితే ఇంటికింత బియ్యం, ఇంటికింత పైసలు వేసుకునేవాళ్ళు. దానికి పేరు లేదు, పద్దు పుస్తకం లేదు. అమెరికాలో నల్లవాళ్ళు పద్దు పుస్తకం కూడా పెట్టుకున్నారు. అక్కడే తేడా వచ్చింది.

అట్లాంటి ఒక సంఘం నైట్స్ అండ్ డాటర్స్ ఆఫ్ టేబర్. మోజెస్ డిక్సన్ దీన్ని 1872లో మిసోరి రాష్ట్రంలో స్థాపించాడు. దీని శాఖ మిసిసిపి డెల్టాలో బలపడింది. డెల్టా అంటే మన కృష్ణా, గోదావరి డెల్టాల్లాగే నల్లరేగడి, అంతులేని సాగు. పంట మాత్రం పత్తి. భూమి తెల్లదొరలది, చాకిరీ నల్లవాళ్ళది. పాలుకు చేసే కుటుంబం ఏడాదంతా దొర కొట్లో అరువు తెచ్చుకుని తినేది. పత్తి తూకం అయ్యాక పద్దు విప్పితే అప్పే మిగిలేది. పద్దు రాసేది కూడా దొరే గదా! నల్గొండలో, వరంగల్‌లో వెట్టి గురించి విన్నవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ డెల్టాలో బోలివర్ అని ఒక కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లాలాంటిది. అందులో మౌండ్ బయూ ఊరు పూర్తిగా నల్లవాళ్ళది. 1887లో ఐజయా మాంట్‌గోమరీ, బెంజమిన్ గ్రీన్ అనే ఇద్దరు మాజీ బానిసలు అడవి కొట్టించి కట్టుకున్న ఊరు. అక్కడ నల్లవాళ్ళే మేయర్లు, నల్లవాళ్ళే దుకాణదారులు. అయితే ఈ ఊరిని మరీ పూజించాల్సిన పనిలేదు. 1890లో మిసిసిపి రాజ్యాంగ సభ నల్లవాళ్ళ ఓటు హక్కును తీసేసే నిబంధనలు తెచ్చింది. అందులో ఉన్న ఒకే ఒక్క నల్ల సభ్యుడు ఈ మాంట్‌గోమరీయే. ఆయన ఆ నిబంధనలకు అనుకూలంగా ఓటు వేశాడు. ఊరు దక్కించుకోవడానికి జాతి ఓటును వదులుకున్నాడన్నమాట. మన నాయకుల్లో ఇట్లాంటి బేరాలు చేసినవాళ్ళు ఎవరో పాఠకులే గుర్తుచేసుకోవచ్చు.

ఈ ఊళ్ళోనే 1942లో టేబోరియన్ హాస్పిటల్ తెరిచారు. సంఘం పెద్ద పెర్రీ స్మిత్ 1938 నుంచి లాడ్జీలు తిరిగి చందాలు పోగు చేశాడు. లక్ష డాలర్లు దాటిన ఖర్చులో పెద్ద భాగం పత్తి ఏరే చేతుల నుంచి వచ్చింది. 42 మంచాలు, రెండు పెద్ద ఆపరేషన్ గదులు, ఎక్స్‌రే మిషను. డాక్టర్లు, నర్సులు అంతా నల్లవాళ్ళే. మొదటి ముఖ్య సర్జన్ టి.ఆర్.ఎం. హోవర్డ్. తర్వాత 1947 నుంచి నాష్‌విల్‌లోని నల్లవాళ్ళ వైద్య కళాశాల మెహారీ తన యువ సర్జన్లను ఇక్కడికి పంపింది.

చందా ఎంత? 1942లో పెద్దవాళ్ళకు ఏడాదికి 8 డాలర్ల 40 సెంట్లు, పిల్లలకు 1 డాలర్ 20 సెంట్లు. అంటే నెలకు పెద్దలకు 70 సెంట్లు, పిల్లలకు 10 సెంట్లు. దానికి 31 రోజుల దాకా దవాఖానలో ఉండవచ్చు, ఆపరేషన్ చిన్నదైనా పెద్దదైనా అందులోనే. 1945 నాటికి మిసిసిపిలో సంఘ సభ్యులు దాదాపు 50 వేలు. అంకెలతో నల్లవాళ్ళ ప్రాణానికి విలువ లేదన్న హాఫ్‌మన్‌కు ఇంతకన్నా మంచి జవాబు ఇంకేముంది?

దీని విలువ తెలియాలంటే తెల్లవాళ్ళ దవాఖానల్లో ఏం జరిగేదో చూడాలి. కొన్నింట్లో నల్లవాళ్ళను అసలు రానిచ్చేవాళ్ళు కాదు. రానిచ్చినచోట పక్క గుమ్మం గుండానో, వెనక గుమ్మం గుండానో పోవాలి. తమ దుప్పట్లు, తమ పళ్ళాలు, గ్లాసులు తామే తెచ్చుకోవాలి. నల్ల నర్సు లేకపోతే ఆమె కూలి రోగే కట్టుకోవాలి. హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్ళం మనం. దవాఖానలో రెండు గ్లాసులంటే ఎట్లా ఉంటుందో ఊహించుకోగలం. టేబోరియన్‌కు మాత్రం ముందు గుమ్మం గుండానే పోయారు. జ్వరంతో ఒళ్ళు కాలుతున్న మనిషికి గుమ్మం ముఖ్యమా అని అగ్రవర్ణ మిత్రుడొకరు నన్నడిగాడు. ఏ గుమ్మం దగ్గరా ఎన్నడూ ఆగాల్సిరాని మనిషి అట్లాగే అడుగుతాడు.

ఇంకో సంగతి మరీ ముఖ్యం. సొంత బీమా, సొంత దవాఖాన ఉన్నచోటే సొంత గొంతు కూడా లేచింది. డాక్టర్ జీతం తెల్లదొర ఇచ్చేది కాదు కాబట్టి డాక్టర్ దొరకు భయపడలేదు. హోవర్డ్ 1951లో నల్లవాళ్ళ ప్రాంతీయ నాయకత్వ సంఘం పెట్టాడు. మరుగుదొడ్డి వాడనివ్వని బంకులో పెట్రోలు పోయించుకోవద్దని ప్రచారం నడిపాడు. హోవర్డ్‌కే ఉన్న మాగ్నోలియా మ్యూచువల్ బీమా కంపెనీకి పాలసీలు అమ్ముతూ డెల్టా గుడిసెలన్నీ తిరిగిన యువకుడు మెడ్గర్ ఎవర్స్. 1963లో తన ఇంటి ముందే కాల్చి చంపబడ్డ ఎవర్స్‌కు ఉద్యమ భూగోళం తెలిసింది ఈ బీమా ఏజెంటు పనిలోనే. 1955లో ఎమ్మెట్ టిల్ హత్య విచారణప్పుడు ఆ పిల్లవాడి తల్లికి ఆశ్రయమిచ్చింది హోవర్డ్ ఇల్లే.

అయితే సంఘం లోపల అంతా సవ్యంగా లేదు. స్మిత్‌కూ హోవర్డ్‌కూ చెడింది. 1947లో హోవర్డ్‌ను ముఖ్య సర్జన్ పదవి నుంచి తీసేశారు. ఆయన వేరే సంఘం పెట్టి 1948లో అదే ఊళ్ళో ఫ్రెండ్‌షిప్ క్లినిక్ తెరిచాడు. చిన్న ఊరు, రెండు దవాఖానలు, రెండు వర్గాలు. దండోరా తర్వాత మన సంఘాల చీలికలు చూస్తున్న మనకు ఇందులో ఆశ్చర్యం లేదు.

పక్కనే సన్‌ఫ్లవర్ కౌంటీ. ఫానీ లూ హేమర్ అక్కడ పాలుకు పత్తి చేసిన మనిషి. 1961లో ఒక చిన్న కణితి తీయించుకోవడానికి ఆమె తెల్లవాళ్ళ దవాఖానకు పోయింది. ఆమెకు చెప్పకుండా, అడక్కుండా గర్భసంచి తీసేశారు. నల్ల ఆడవాళ్ళకు ఇది ఎంత మామూలైపోయిందంటే దానికి ‘మిసిసిపి అపెండెక్టమీ’ అని ఎత్తిపొడుపు పేరే పుట్టింది. వైద్యం చవగ్గా దొరకడం ఒక సంగతి, కత్తి ఎవరి చేతిలో ఉందన్నది ఇంకో సంగతి. ఎమర్జెన్సీ రోజుల్లో కుటుంబ నియంత్రణ శిబిరాలకు ఎవరిని తోలారో తెలిసినవాళ్ళకు ఈ రెండో సంగతి అర్థమవుతుంది.

మరి టేబోరియన్ ఎందుకు నిలవలేదు? డేవిడ్ బైటో వంటి చరిత్రకారులు ఈ సంఘాల కథను శ్రద్ధగా తవ్వి తీశారు, ఆ రుణం ఒప్పుకోవాలి. కానీ ఆ కథ చదివి, పేదలు తమను తామే చూసుకోగలరు, ప్రభుత్వం అక్కర్లేదు అని తీర్పు ఇచ్చేవాళ్ళున్నారు. ఆ తీర్పు చెల్లదు. 1935 సోషల్ సెక్యూరిటీ చట్టం వ్యవసాయ కూలీలనూ ఇంటి పనివాళ్ళనూ బయట పెట్టింది. దక్షిణాది నల్లవాళ్ళలో ఎక్కువమంది చేసేవి ఆ పనులే. 1946 హిల్-బర్టన్ చట్టం దవాఖానల కట్టడానికి ప్రభుత్వ సొమ్ము ఇస్తూ, వేరువేరు వార్డులు పెట్టుకోవచ్చని వీలు కల్పించింది. అంటే నల్లవాళ్ళు కట్టిన పన్నుతో వెనక గుమ్మాలు కట్టారు. ప్రభుత్వం లేకపోవడం వల్ల కాదు, ప్రభుత్వం తెల్లవాళ్ళ పక్షాన ఉండడం వల్ల వాళ్ళు సొంత దవాఖాన కట్టుకోవలసి వచ్చింది. ఇక పత్తి ఏరే మిషన్లు వచ్చాయి. కూలీలు చికాగో రైలెక్కారు. చందా కట్టే చేతులు తగ్గిపోయాయి.

1966లో మెడికేర్ మొదలైంది. వివక్ష ఉంటే సొమ్ము రాదన్నారు. ఏళ్ళ తరబడి కదలని దవాఖానలు దేశమంతటా వెయ్యికి పైగా నాలుగు నెలల్లోపే గుమ్మాలు కలిపేశాయి. మనసు మారి కాదు, బిల్లు కోసం. 1967లో ఫెడరల్ సొమ్ముతో టేబోరియన్, ఫ్రెండ్‌షిప్ కలిసి ఒకే దవాఖాన అయ్యాయి. సొమ్ము వచ్చింది గానీ, లాడ్జీ సభ్యుల పెత్తనం పోయింది. అదే ఏడాది జాక్ గైగర్, జాన్ హ్యాచ్ వంటివాళ్ళు ఆ ఊళ్ళోనే ఒక ఆరోగ్య కేంద్రం తెరిచారు. అక్కడి డాక్టర్లు ఆకలితో వచ్చిన పిల్లలకు చీటీ మీద మందుకు బదులు తిండి రాసేవాళ్ళు. 31 రోజుల బీమాకు అందనిది సరిగ్గా ఈ ఆకలి రోగమే. 1968లో అక్కడి జనమే సహకార వ్యవసాయ సంఘం పెట్టి కూరగాయలు పండించారు. ఆ ఆరోగ్య కేంద్రం నిలబడింది. హేమర్ 1977లో కన్నుమూసిన మౌండ్ బయూ దవాఖాన మాత్రం 1983లో మూతపడింది.

ఇక మన సంగతి. 2007 ఏప్రిల్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలతో ఆరోగ్యశ్రీ మొదలైంది. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్ళకు గుండె ఆపరేషన్ ఉచితమంటే వాడల్లో నమ్మలేకపోయారు. ఆ పథకంతో బతికినవాళ్ళు నాకు తెలుసు, దాన్ని తేలికచేసి మాట్లాడను. కానీ సర్కారు సొమ్ము కార్పొరేట్ దవాఖానలకు పోయింది. మామూలు జ్వరానికి, రోజువారీ మందుకు వాడ మనిషి ఆర్‌ఎంపీ దగ్గరికే పోయాడు. మా మేనత్తను ఒక పట్నం దవాఖానలో కార్డు చూడగానే ఇంకో వరసలో నిలబెట్టారు. మంచాలు ఖాళీ లేవన్నారు. పైసలు కట్టేవాళ్ళ వరసలో మంచాలు దొరుకుతూనే ఉన్నాయి. కార్డు మనకిచ్చారు. దవాఖానలో మన పెత్తనం సంగతి ఎవరూ ఎత్తలేదు. టేబోరియన్ సభ్యురాలు లాడ్జీ సమావేశంలో లేచి పద్దు అడిగేది. ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకున్న మా మేనత్త ఎవరిని అడగాలి?

మిసిసిపి కథ అక్కడితో ఆగలేదు. 2010 ఒబామా చట్టం మెడికెయిడ్‌ను పేదలందరికీ విస్తరించమంది. 2012లో సుప్రీంకోర్టు అది రాష్ట్రాల ఇష్టమంది. మిసిసిపి వద్దన్నది. కొత్త బీమా సంతలో ఆ రాష్ట్రపు 82 కౌంటీల్లో 36 కౌంటీలకు ఒక దశలో ఏ కంపెనీ ముందుకు రాలేదు. పల్లె జనం, పేద జనం, రోగాలున్న జనం గిట్టుబాటు కారనేగా? తర్వాత ఒక కంపెనీ వచ్చింది గానీ, సబ్సిడీ దారిద్ర్యరేఖకు పైన ఉన్నవాళ్ళకే. రేఖకు కింద ఉండి, మెడికెయిడ్ దొరకని కూలి మనిషికి రెండూ లేవు. అంటే మరీ బీదవాడు కాబట్టి సాయం అందదు. 2024లో మిసిసిపి చట్టసభలో రెండు సభలూ విస్తరణకు వేరువేరు బిల్లులు ఆమోదించాయి. ఒక్క మాట మీదికి రాలేక వదిలేశాయి.